సర్వరు రాసుకున్న పేరు

మధ్యాహ్నం రెండు గంటల నలభై ఒక నిమిషానికి మా పెద్ద ఆపరేటరు టీ తాగుతున్నాడు. గ్లాసు కుడిచేతిలో ఉంది. ఎడమచేత్తో మోకాలు నిమురుకుంటున్నాడు. కీబోర్డు మీద ఏ చెయ్యీ లేదు. ఇది ఆయన చెప్పిన మాట. పదకొండు వారాలపాటు నేను దీన్ని నమ్మలేదు.

ఆయన పోయి నలభై రోజులు దాటింది. గోదావరిఖనిలో మా ఏరియా ఆఫీసు కంప్యూటర్ సెక్షన్‌కు నేను ఇన్‌చార్జిగా ఉన్న రోజుల సంగతి ఇది. ఇప్పుడు అలాంటి కుర్చీల్లో కూర్చుంటున్న చిన్నవాళ్లు చదువుతారని రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను. ఒక కాగితం మీద ఒక పేరు రాసి ఒకసారి తప్పు చేశాను, అది చాలు.

మా సెక్షన్ అంటే ఒక పొడవాటి గది. చుట్టుపక్కల ఐదు బాయిల హాజరు అక్కడి సర్వరులో చేరేది. గనిని మా దగ్గర బాయి అంటాం. కార్మికుడు బాయి దగ్గర వేలు పెడితే ఆ రోజు మస్టరు పడ్డట్టు. రాకపోతే నాగా. ఏడాదికి ఇన్ని మస్టర్లు నిండాలని లెక్క ఉండేది. అది నిండని కొత్తవాళ్లకు ఉద్యోగం ఖాయం కాదు, నాగాలు ఎక్కువైన పాతవాళ్లకు చార్జిషీటు వస్తుంది. కాబట్టి ఆ గదిలో ఉన్నది ఉత్త ఫైళ్లు కాదని అందరికీ తెలుసు.

లినక్స్ సర్వరులో రూట్ అనే ఒక ఖాతా ఉంటుంది. దాని పాస్‌వర్డు తెలిసినవాడు ఏ పనైనా చెయ్యగలడు, మిషను వద్దనదు. నేను సెక్షన్‌కు వచ్చేసరికి ఆ పాస్‌వర్డు ఏడుగురికి తెలుసు. బీరువా తలుపుకు లోపలివైపు స్కెచ్‌పెన్నుతో రాసి ఉంది. బీరువాకు తాళం లేదు. పైఆఫీసు నుంచి తనిఖీకి వచ్చినవాళ్లు ఆ తలుపును ఫోటో తీసుకుని వెళ్లారు. ఆ తర్వాత నాకు ఉత్తరం వచ్చింది: ఎవరికి ఎంత పని ఉందో అంత అధికారమే ఇవ్వాలి, ఎవరు ఏం చేశారో తెలియాలి.

దానికి సుడో అనే పద్ధతి ఉంది. ఎవరి పేరుతో వాళ్లు లోపలికి వస్తారు. రూట్ అధికారం కావాల్సిన పనుల్లో, వాళ్లకు రాసిపెట్టిన రెండు మూడు మాత్రం చేసుకోగలరు. ఎవరు, ఎన్ని గంటలకు, ఏ కమాండు నడిపారన్నది లాగ్ ఫైల్లో పడుతుంది. ఎవరికి ఏ పనులన్నది ఒకే ఫైల్లో ఉంటుంది. ఆ ఫైలు రాసింది నేను. రూట్ పాస్‌వర్డు మార్చి, కొత్తది సీలు వేసిన కవరులో పై అధికారికి ఇచ్చాను. నేను కూడా నా పేరుతోనే పని చెయ్యడం మొదలుపెట్టాను. వారం రోజులు నన్ను నేనే మెచ్చుకున్నాను.

పెద్ద ఆపరేటరుకు మూడు పనులు రాశాను. హాజరు ప్రోగ్రాం ఆగితే మళ్లీ మొదలుపెట్టడం, లాగ్ చూడడం, డిస్కు నిండితే 'పాతవి' అనే ఫోల్డరులోని ఫైళ్లు తుడిచెయ్యడం.

"గంతేనా తమ్మీ? మూడేనా?" అన్నాడు.

"మూడే అన్నా. మిగిలినయి నన్ను అడుగాలె."

"మంచిగనే ఉన్నది. బాయిల గూడ గంతే గద. హాలేజి నడిపెటోనికి హాలేజి హ్యాండిలే. కరెంటు డబ్బా ముట్టిండా, ఓవర్‌మన్ చెంప పలగ్గొడ్తడు."

ఆయన పద్దెనిమిదేళ్లు బాయి లోపల హాలేజి నడిపినవాడు. బొగ్గు టబ్బులను తాడుతో లాగే ఇంజను అది. ఒకసారి టబ్బు పట్టాలు దిగి మోకాలు మీదికి వచ్చింది. దవాఖానలో నాలుగు నెలలున్నాక పైన పనికి పంపారు. మొదట ఫైళ్లు మోసేవాడు. తర్వాత టైపు నేర్చుకున్నాడు, తర్వాత కంప్యూటరు. నాకంటే రెండేళ్లు పెద్ద. అధికారి ముందు నన్ను సార్ అనేవాడు, మిగతా వేళల్లో తమ్మీ అనేవాడు.

బాయి నుంచి ఆయన ఒక అలవాటు తెచ్చుకున్నాడు. లోపల హాలేజి దగ్గర, పంపు దగ్గర, వచ్చేవాడు వచ్చి హ్యాండిలు మీద చెయ్యి పెట్టేదాకా ఉన్నవాడు లేవడు. ఇంజను ఆపి అప్పజెప్పడం నామోషీ. మా గదిలోనూ ఆయన అదే నడిపాడు. మూడింటికి షిఫ్టు మారేటప్పుడు తన ఖాతా మూసేవాడు కాదు. పైగా సుడో ఒకసారి పాస్‌వర్డు అడిగాక పదిహేను నిమిషాలు మళ్లీ అడగదని తనకు తానే కనిపెట్టాడు. అందుకని కుర్చీ దిగేముందు ఊరికే ఒకసారి లాగ్ తెరిచి పాస్‌వర్డు కొట్టేవాడు. వచ్చినవాడు కూర్చోగానే పని ఆగకుండా నడవాలని.

"మిషిను సల్లబడ్డంక అప్పజెప్పుడేంది? ఉడుకుడుకుగ ఉండంగనే అప్పజెప్పాలె," అనేవాడు.

నేను చూశాను. వద్దనలేదు. నిజం చెప్పాలంటే ముచ్చటపడ్డాను.

ఆయన తర్వాత కూర్చునేది రెండో షిఫ్టు ఆపరేటరు. ఇంట్లో దక్కనీ మాట్లాడే మనిషి, తండ్రి ఉద్యోగంలో చేరినవాడు. పనిలో వంక లేదు గాని ఎప్పుడూ వేళకు రాడు.

ఇక ఆ రోజు. షిఫ్టు మారే వేళ రెండు బాయిల నుంచి ఫోన్లు వచ్చాయి, వేలు పెడితే తీసుకోవడం లేదని. డిస్కు నిండింది. నేను ఆపరేటరు కుర్చీలో కూర్చుని, పాత ఫైళ్లు తుడిచి, ప్రోగ్రాం మళ్లీ మొదలుపెట్టి, ఫోన్లకు జవాబు చెప్పి నా బల్ల దగ్గరికి వెళ్లాను. ఐదు నిమిషాల పని. నెలకు రెండుసార్లు చేసేదే. దాన్ని గుర్తు పెట్టుకోవాలని కూడా అనిపించలేదు.

మరునాడు పొద్దున ఏడింటికి చూస్తే పంతొమ్మిది రోజుల హాజరు లేదు. ఐదు బాయిలది. బ్యాకప్ నెలకొకసారి తీసేవాళ్లం, అందులో అంతకుముందు నెల వరకే ఉంది.

లాగ్ తెరిచాను. మధ్యాహ్నం రెండు నలభై ఒకటి. పెద్ద ఆపరేటరు పేరు. తుడిచే కమాండు, దాని పక్కన హాజరు ఫైళ్ల పేర్లు వరుసగా, రెండు తెరల పొడవున.

ముందు నాకు గుర్తొచ్చింది ఆయన బామ్మర్ది. అదే ఐదు బాయిల్లో ఒకదాంట్లో చేస్తాడు. ఆ నెలలోనే పదో పన్నెండో నాగాలున్నాయి, చార్జిషీటు వస్తుందని అందరూ అనుకుంటున్నారు. ఆ తర్వాత ఇంకొకటి గుర్తొచ్చింది. రెండు వారాల కింద ఆయన నన్ను అడిగాడు: "నాగాలు మిషిన్ల ఎన్ని దినాలుంటయి తమ్మీ?" అప్పుడు మామూలుగా జవాబు చెప్పాను. ఇప్పుడు ఆ ప్రశ్నను పదిసార్లు తిప్పితిప్పి చూశాను. తిప్పినకొద్దీ నల్లబడింది.

ఆయన ఎనిమిదింటికి నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. హాజరు పోయిన సంగతి అప్పటికే పాకింది. ఏం మాట్లాడలేదు. తప్పు చేసినవాడు మాట్లాడడులే అనుకున్నాను. మాట్లాడి ఉంటే, తప్పు చేసినవాడు ఎక్కువ మాట్లాడతాడులే అనుకునేవాడిని. ఆ రోజు ఆయన ఏం చేసినా నాకు సాక్ష్యమే.

పై అధికారి కోస్తా మనిషి, తొందరపడేవాడు కాదు. పెద్ద ఆపరేటరు పేరు రాసి నేనిచ్చిన కాగితం చదివి అడిగాడు: "మీకు కచ్చితమేనా?"

"లాగ్‌ల పేరున్నది సార్."

"ఆయన్ని అడిగారా?"

"అడిగితే ఏమంటడు సార్? చెయ్యలేదంటడు."

మధ్యాహ్నం భోజనం వేళకల్లా ఆయన్ని విచారణ పూర్తయ్యేదాకా పక్కన పెడుతూ ఉత్తరువు వచ్చింది. టిఫిన్ డబ్బా అప్పటికింకా విప్పలేదు. అది చేతిలో పట్టుకుని గేటు దాటాడు. సుడో ఫైల్లో ఆయన మూడు లైన్లను నేను తీసేశాను.

ఆయనకు అది ఉద్యోగం ఒక్కటే కాదు. మోకాలు పనికిరాదని మెడికల్ బోర్డుకు దరఖాస్తు పెట్టుకుని ఉన్నాడు. బోర్డు అన్‌ఫిట్ అంటే ఆయన దిగిపోతాడు, డిగ్రీ చదివిన కూతురికి ఆయన బదులు ఉద్యోగం వస్తుంది. పిలుపు రెండు నెలల్లో ఉంది. విచారణ నడుస్తున్నవాణ్ని బోర్డు పిలవదు. తప్పు రుజువైతే ఆయనకూ లేదు, ఆ పిల్లకూ లేదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే కాగితం రాశాను.

క్యాంటీన్‌లో ఎవరో అన్నారు: "ఏందన్నా, నీ సుడో మంచిగనే దొంగను పట్టిచ్చిందట గద!" దాన్ని నేను పొగడ్తగానే తీసుకున్నాను.

రెండో వారంలో ఆయన గేటు దగ్గర నా కోసం కాచుకుని ఉన్నాడు.

"తమ్మీ, గా టైముకు నేను చాయ్ తాగుతున్న. చాయ్ పోసినోన్ని అడుగుండ్రి."

"తాగుకుంట గూడ కొట్టొచ్చు గదన్నా."

ఆయన నా మొహం చూశాడు. "ఆఁ, కొట్టొచ్చు," అని తల వంచుకుని బస్టాండు వైపు కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

పోయిన హాజరును క్యాప్‌ల్యాంపు గదుల రిజిస్టర్ల నుంచి మళ్లీ ఎక్కించాం. దీపం తీసుకోకుండా ఎవరూ బాయి దిగరు కాబట్టి ఏ రోజు ఎవరు దిగారో అక్కడ ఉంటుంది. బామ్మర్ది నాగాలు అన్నీ అలాగే బయటపడ్డాయి. పద్దెనిమిదేళ్లు బాయిలో దీపం తీసుకుని దిగిన మనిషికి ఆ రిజిస్టర్ల సంగతి తెలియదా? ఆ ప్రశ్న నాకు రాలేదు. చేసిన దొంగతనం ఫలించలేదని మాత్రం అనుకున్నాను.

ఆ రోజుల్లో సెక్షన్‌లో అందరినీ అనుమానించాను. ఇద్దరు మెల్లగా మాట్లాడుకుంటే నా గురించే అనుకున్నాను. రెండో షిఫ్టు ఆపరేటరు నేను గదిలోకి రాగానే లేచి నిలబడేవాడు, కళ్లలోకి చూసేవాడు కాదు. ఇతనికి కూడా ఇందులో చెయ్యి ఉందేమో అనుకున్నాను.

విచారణ చివరి రోజుకు కాగితాలు కావాలని అడిగారు. అప్పటిదాకా ఆ ఒక్క లైనూ దాని కింది పేర్లూ మాత్రమే ఇచ్చాను. ఈసారి రోజు మొత్తం లాగ్ అచ్చు తీశాను. చదువుతుంటే ఆ లైనుకు కాస్త కింద రెండో షిఫ్టు ఆపరేటరు తన పేరుతో లోపలికి వచ్చినట్టు ఉంది. రెండు నలభై ఎనిమిది.

మూడింటికి పన్నెండు నిమిషాల ముందు. ఆ మనిషి.

పిలిచి అడిగాను: "ఆ దినం నువ్వు జల్ది వచ్చినవా?"

"నేనా? జల్దియా?" నవ్వబోయి ఆపుకున్నాడు. "నా నిఖా నాడు గూడ నేను లేటే సార్. సైరన్ మోగినంకనే వచ్చిన. పెద్దన్న నా కోసం కూసోనే ఉన్నడు."

"వచ్చి?"

"పెద్దన్న పాస్‌వర్డు కొట్టిచ్చి లేసిండు. నేను బాటిల్ల నీళ్లు పట్టుకొస్తందుకు పోయిన. వచ్చేసరికి కుర్సీల మీరే ఉన్నరు గద సార్. మీరు లేసినంక నేను నా పేరు మీద లోపలికి వచ్చిన."

"మరి గీ ముచ్చట ఎందుకు చెప్పలే ఇన్ని దినాలు?"

"ఎవలు అడిగిన్రు సార్?" అని, మళ్లీ తనే అన్నాడు: "నన్ను అడిగితే నా లేటు గూడ బయట పడ్తదని నేను సప్పుడు జెయ్యలే. అది నా తప్పే."

నా మొదటి ఆలోచన ఇతను పెద్దాయనను కాపాడుతున్నాడని. అది కూడా రాసెయ్యాలి. ఇతన్ని పంపించి, సర్వరులో టైము అడిగి, చేతి గడియారం చూశాను. సర్వరు ఇరవై రెండు నిమిషాలు వెనక ఉంది. ఎప్పుడో కరెంటు పోయి వచ్చినప్పటి నుంచి అలాగే నడుస్తోంది. బయటి టైముతో సరిచూసుకునే దారి మా నెట్‌వర్కులో మూసి ఉంది. ఆ గదిలో అందరం సైరన్‌ను బట్టి నడిచేవాళ్లం గనుక సర్వరు గడియారాన్ని ఎవరమూ చూడలేదు.

రెండు నలభై ఒకటి అంటే మూడు దాటి మూడు నిమిషాలు. సైరన్ మోగాక. ఆయన కుర్చీ దిగాక.

అప్పుడు లాగ్‌లో నా పేరు వెతికాను. ఆ రోజు మధ్యాహ్నం నా పేరు ఎక్కడా లేదు. నేను తుడిచినట్టు నాకు గుర్తుంది, సర్వరుకు గుర్తులేదు.

జరిగింది ఇంతే. పొద్దున ఒకసారి అదే తెర మీద నా ఖాతాతో ఒక విండో తెరిచాను. అది పక్కన ఉంది. నేను దాంట్లోనే కొడుతున్నాననుకుని ఆయన విండోలో కొట్టాను. నాదైతే పాస్‌వర్డు అడగాలి. అడగలేదు. ఫోన్లు మోగుతున్నాయి గనుక, అడగనందుకు సంతోషించాను కూడా. 'పాతవి' అన్న ఫోల్డరు పేరుకు, అందులోని ఫైళ్లన్నీ అని చెప్పే నక్షత్రం గుర్తు అంటించి కొట్టాలి, మధ్యలో ఒక ఖాళీ పడింది. దాంతో ఆ గుర్తు అప్పుడు ఆ విండోలో తెరిచి ఉన్న హాజరు ఫోల్డరుకు పట్టింది. ఏదో ఒక లైను హెచ్చరికలా వచ్చింది. చదవలేదు. ఆయనకు ఇచ్చిన అనుమతి ఒక్క ఫోల్డరుకే గదా, మిషను ఆపాలి గదా అంటారు. ఆపదు. అనుమతి ఫైల్లో నేను రాసిన లైను చివర కూడా నక్షత్రమే పెట్టాను. అక్కడ అది ఆ ఫోల్డరు పేరు తర్వాత ఏమొచ్చినా సరే అని. వెనక వంద ఫైళ్లు తగిలించినా సుడో ఒప్పుకుంటుంది. పరిమితమైన అధికారం అని చెప్పి నేనే దానికి గోడ కట్టలేదు.

అయినా నమ్మకం కుదరలేదు. ఉత్తుత్తి ఫైళ్లతో ఒక ఫోల్డరు పెట్టి, రెండో షిఫ్టు ఆపరేటరుతో పాస్‌వర్డు కొట్టించి లేపి, అదే కుర్చీలో కూర్చుని, ఖాళీతో సహా అదే కొట్టి చూశాను. అన్నీ పోయాయి. లాగ్‌లో కుర్చీ దిగి వెళ్లినవాడి పేరే పడింది.

తర్వాత రెండు రోజులు ఊరుకున్నాను. కారణాలు వెతుక్కున్నాను. నాకు సర్వీసు ఇంకా నాలుగేళ్లుంది. విచారణలో ఆయన మీద తేలకపోవచ్చు, అప్పుడు చెప్పకపోయినా నడుస్తుంది అని కూడా అనుకున్నాను. మూడో రోజు పొద్దున అధికారికి ఉత్తరం రాసి ఇచ్చాను. ఆయన చదివి, కళ్లద్దాలు తీసి, "మొదటి రోజు అడిగాను మిమ్మల్ని," అన్నాడు.

సాయంత్రం పెద్ద ఆపరేటరు క్వార్టరుకు వెళ్లాను. ఆయన భార్య తలుపు తీసింది.

"ఎవలు?" అని లోపలి నుంచి ఆయన.

"నీ ఆఫీసాయన," అంది. కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది. మళ్లీ లోపలికి పోకుండా అక్కడే నిలబడింది.

అంతా చెప్పాను. ఖాళీ, నక్షత్రం, గడియారం. ఆయన మోకాలు మీద చెయ్యి పెట్టుకుని విన్నాడు.

"ఇరవై రెండు నిమిషాలా?"

"అవునన్నా."

"నేను చాయ్ తాగుతున్నన్నది నిజమే గద మరి."

"నిజమే. తప్పయింది అన్నా."

"మిషిను తప్పు చెప్తదని నాకు గూడ అనిపియ్యలే," అన్నాడు. "నేనే ఏమన్న కొట్టిన్నా, యాది లేదా అని ఎన్ని దినాలు ఆలోచన చేసిన్నో. దీన్నడుగు." భార్య వైపు చూపించాడు. ఆమె మొహం తిప్పుకుంది. "గాని ఒకటి. పొద్దుగాల వచ్చి నీ ముందర నిలవడ్డ. అడుగుతవనే నిలవడ్డ. నన్ను అడుగలే నువ్వు. మిషిన్‌ను అడిగినవ్."



గుమ్మంలో కూర్చుని వింటున్న కూతురు అప్పుడు అడిగింది. "బోర్డు తారీఖు పోయిన నెలల్నే అయిపాయె గద సార్. మల్ల ఎప్పుడు పిలుస్తరు?"

తెలుసుకుని చెప్తానన్నాను.

"డ్యూటీకి ఎప్పుడు రమ్మంటరు?" అని ఆయన అడిగాడు.

సోమవారం వచ్చాడు. అదే కుర్చీలో కూర్చున్నాడు. ఆ రోజు నుంచి గదిలోనూ, బయటా, టీ దగ్గరా నన్ను సార్ అనే పిలిచాడు. పని విషయంలో ఏ తేడా చూపలేదు. నాకు హెచ్చరిక ఉత్తరం ఇచ్చి గోలేటికి బదిలీ చేశారు. తక్కువ శిక్ష. అక్కడే నాలుగేళ్లు చేసి దిగిపోయాను.

తర్వాతి బోర్డు ఆయన్ని పైపనికి ఫిట్ అంది. ఆయన పోగొట్టుకున్న బోర్డులో వేరే డాక్టర్లుండేవారు. వాళ్లేమనేవారో ఎవరూ చెప్పలేరు. నేను ఈనాటికీ ఆ ప్రశ్న దగ్గర ఆగిపోతాను. ఆయన వయసు నిండేదాకా పని చేసి రిటైరయ్యాడు. కూతురు మంచిర్యాలలో ఒక మందుల దుకాణంలో కూర్చుంటోంది. దినాలకు వెళ్లినప్పుడు నాకు అన్నం వడ్డించింది. నేను ఎవరో ఆమెకు తెలుసు.

రెండో షిఫ్టు ఆపరేటరు కూడా వచ్చాడు. కర్మ పదింటికైతే పదకొండింటికి వచ్చాడు. ఇప్పుడు సెక్షన్ చూస్తున్నది అతనే. బయట నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నాం. అనుమతుల ఫైల్లో నక్షత్రం గుర్తు ఒక్కటీ లేదట. తుడిచే పనికి చిన్న ప్రోగ్రాం రాసి, దాన్ని నడపడానికి మాత్రమే అనుమతి ఇచ్చాడట. సుడో ప్రతిసారీ పాస్‌వర్డు అడిగేలా మార్చాడు. గడియారం సరిగా నడుస్తోంది.

"ఏదన్న అయితే ఏం జేస్తున్నరు?" అని అడిగాను.

"లాగ్ చూస్తం సార్. పేరు దొర్కితే ఆ మనిషిని కూసోబెట్టి అడుగుతం. ఆయన జెప్పింది రాసుకున్నంకనే కాయిదం పైకి పోతది. పెద్దన్న రిటైరయ్యేముందు పెట్టిచ్చిండు గీ రూలు."

ఆ సంగతి నాకు అంతకుముందు తెలియదు. అధికారి దగ్గరికి ఆయనే వెళ్లి అడిగాడట.

లాగ్‌లో పేరు కనబడిందని ఆ సెక్షన్‌లో ఇప్పుడు ఎవరినీ అడగకుండా గేటు బయటికి పంపడం లేదు.